ఎండ, వాన, పిడుగు, ఈదురుగాలి: జేసీబీ, హార్వెస్టర్, క్రేన్ ఎప్పుడు ఆపాలి?

ఏప్రిల్ నెలాఖరు. మిర్యాలగూడ వైపు యాసంగి కోతలు జోరుగా సాగుతున్నాయి. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. నాలుగు గంటలకల్లా పడమటి దిక్కున మబ్బు కమ్మింది. ఇంకో ఎకరం మిగిలింది. వాన పడితే ధాన్యం నేలపాలవుతుందని రైతు భయం. మిషన్ ఆగితే గంటల కిరాయి పోతుందని యజమాని బెంగ. సీట్లో కూర్చున్న డ్రైవర్‌కు మాత్రం ఉరుము వినిపిస్తోంది. ఇప్పుడు మిషన్ ఆపాలా, నడపాలా?

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏటా వేల మందికి ఎదురయ్యే ప్రశ్న ఇది. ఒకప్పుడు పలుగూ పారా పట్టిన పాలమూరు కూలీల పని చాలావరకు ఇప్పుడు జేసీబీలు, హిటాచీలు చేస్తున్నాయి. సాగర్ ఎడమ కాల్వ కింద వరి కోతంతా మిషన్లదే. కాల్వ తవ్వకాలు, రోడ్లు, క్వారీలు, బోర్లు, ఎత్తిపోతల పథకాలు అన్నింటికీ యంత్రాలే ఆధారం. వాతావరణం మాత్రం మనకోసం ఆగదు. ఏ వాతావరణంలో ఏ యంత్రానికి ఏ ప్రమాదం ఉంది, ఎప్పుడు ఆపాలి, ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ సాయం అందుతుంది? మీరు డ్రైవరైనా, యజమానైనా, మిషన్ కిరాయికి పిలిచిన రైతైనా ఈ వివరాలు తెలిసి ఉండాలి.

ముందు రోజే చూడాల్సినవి

హైదరాబాద్ వాతావరణ కేంద్రం రోజూ జిల్లాల వారీగా హెచ్చరికలు ఇస్తుంది. వాటికి నాలుగు రంగులుంటాయి. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలి. మిషన్ పనికి ఎరుపు రంగు వచ్చిన రోజు సెలవని ముందే అనుకోండి. నారింజ రంగు ఉంటే కాల్వ గట్లు, గుంతలు, క్రేన్ పనులు ఆ రోజుకు పెట్టుకోకండి.

హెచ్చరికలో కనిపించే మాటలకు కచ్చితమైన లెక్కలున్నాయి. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, అంతకు మించితే అత్యంత భారీ వర్షం. మైదాన ప్రాంతాల్లో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలులుగా పరిగణిస్తారు. సాధారణంతో పని లేకుండా 45 డిగ్రీలు దాటినా వడగాలులే.

రోజంతటి అంచనా కన్నా మిషన్ మీద ఉన్నవారికి ఎక్కువ ఉపయోగపడేది ‘నౌకాస్ట్’. రాబోయే మూడు గంటల్లో ఏ జిల్లాలో ఉరుములు, ఈదురుగాలులు రావచ్చో ఇది చెబుతుంది. పుణెలోని ఐఐటీఎం సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల సమాచారం ఇస్తుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ యాప్ తెలుగులోనూ హెచ్చరికలు పంపుతుంది. డ్రైవర్ ఫోన్ మిషన్ శబ్దంలో వినిపించదు. కాబట్టి గట్టు మీద ఉండే మేస్త్రీకో, రైతుకో ఫోన్ చూసే బాధ్యత ఒప్పజెప్పండి. చేయి ఊపితే ఆపేయాలని ముందే మాట్లాడుకోండి.

ఎండ: మనిషికీ ఇంజిన్‌కూ దెబ్బే

2015 మే నెల వడగాలులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. తెలంగాణలో ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో నల్గొండ ఒకటి. రాళ్లగుట్టలు, చెట్టు నీడ తక్కువగా ఉన్న నేల, క్వారీల్లో బండల వేడి కలిసి ఇక్కడి ఎండను మరింత కఠినం చేస్తాయి. దానికి ఇంజిన్ వేడి తోడైతే ఏసీ లేని క్యాబిన్‌లో బయటికన్నా ఎక్కువ వేడి ఉంటుంది.

వడదెబ్బ ఒక్కసారిగా కూలదోయదు. ముందు తలనొప్పి, కాళ్ల పిక్కలు పట్టేయడం, వికారం మొదలవుతాయి. ఆ తర్వాత పరధ్యానం వస్తుంది. మిషన్ డ్రైవర్‌కు అసలు ప్రమాదం ఈ దశలోనే. లివర్ ఒకటి లాగబోయి ఇంకొకటి లాగుతాడు. వెనక మనిషి ఉన్నాడో లేడో చూడకుండా రివర్స్ చేస్తాడు. అది నిర్లక్ష్యమనిపిస్తుంది గానీ వడదెబ్బ తొలి సూచన కూడా కావచ్చు.

- మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పని ఆపండి. తెల్లవారుజామున మొదలుపెట్టి, సాయంత్రం మళ్లీ ఎక్కండి.
- దాహం వేసే వరకు ఆగకుండా ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగండి. చెమట ఎక్కువగా పడితే ఓఆర్ఎస్, ఉప్పు వేసిన మజ్జిగ తీసుకోండి. టీలతో సరిపెట్టకండి.
- కొత్తగా చేరిన డ్రైవర్‌ను, సెలవు తర్వాత తిరిగొచ్చినవారిని తొలి రోజే పూర్తి షిఫ్టులో కూర్చోబెట్టకండి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.
- మాట తడబడటం, చెమట ఆగి ఒళ్లు కాలిపోవడం, స్పృహ తప్పడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోసి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

ఇక యంత్రం సంగతి. వరికోత మిషన్లలో రేడియేటర్ జాలీకి గడ్డి, ఊక అడ్డుపడి ఇంజిన్ వేడెక్కుతుంది. సైలెన్సర్ దగ్గర పేరుకున్న ఊక ఎండకు ఎండి అంటుకుంటుంది. కోత మధ్యలో కనీసం రెండుసార్లు ఇంజిన్ ఆపి, జాలీ, సైలెన్సర్ చుట్టూ శుభ్రం చేయండి. అగ్నిమాపక సిలిండర్ క్యాబిన్‌లో చేతికందేలా ఉంచండి. టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్తే పని ఆపండి. అంతేగానీ రేడియేటర్ మూత వెంటనే తిప్పకండి. లోపల ఒత్తిడితో ఉన్న మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. చేతితో తాకగలిగేంత చల్లారాకే గుడ్డ వేసి మెల్లగా తీయాలి. హైడ్రాలిక్ పైపు లీకైతే చేత్తో తడిమి చూడకండి. సన్నటి ధారగా చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అలా జరిగితే గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పిడుగు: 30 సెకన్లు, 30 నిమిషాలు

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టండి. 30 లోపు వినిపిస్తే పిడుగు మీకు 10 కిలోమీటర్లలోపే ఉంది. అంటే తర్వాతి పిడుగు మీ మీదే పడవచ్చు. వెంటనే పని ఆపండి. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ మొదలుపెట్టకండి. వాన ఆగినంత మాత్రాన పిడుగు ముప్పు పోదు.

మిషన్ మీదే ఉండాలా, దిగాలా అన్నది క్యాబిన్‌ను బట్టి ఉంటుంది.

నాలుగువైపులా ఇనుము, అద్దాలతో పూర్తిగా మూసి ఉన్న క్యాబిన్ అయితే లోపలే ఉండటం మేలు. పిడుగు పడితే విద్యుత్తు బయటి ఇనుము మీదుగా నేలలోకి పోతుంది. బూమ్, బకెట్ కిందికి దించి ఇంజిన్ ఆపండి. అద్దాలు మూసి, చేతులు ఒళ్లో పెట్టుకోండి. లివర్లు, తలుపు పిడి, చార్జింగ్‌లో ఉన్న ఫోన్ ముట్టుకోకండి.

పైకప్పు మాత్రమే ఉన్న ట్రాక్టర్, పక్కలు తెరిచి ఉన్న హార్వెస్టర్, రోడ్డు రోలర్ రక్షణ ఇవ్వవు. వాటి మీది నుంచి దిగి దగ్గరలోని పక్కా ఇంట్లోకి వెళ్లండి. చెట్టు కిందికి, మిషన్ కిందికి, టార్పాలిన్ గుడిసెలోకి వెళ్లకండి. ఇళ్లు దూరమైతే మూసిన కారు, లారీ క్యాబిన్ మంచిది.

వాన మొదలవగానే ఏదో ఒక గోడ చాటుకు పరుగెత్తడం సహజం. ఆ గోడ ఎలాంటిదో చూడండి. 2024 మే 26న ఈదురుగాలులకు నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్ శివారులో నిర్మాణంలో ఉన్న షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. కట్టడం పూర్తికాని గోడ, రేకుల షెడ్డు గాలికి నిలవవు. పనిచోట తలదాచుకోవడానికి ఏ ఇల్లు, ఏ బడి ఉందో పొద్దున్నే చూసిపెట్టుకోవాలి. మబ్బు పట్టాక వెతికితే దొరకదు.

గాలి: క్రేన్‌కు మొదటి శత్రువు

నౌకాస్ట్‌లో ‘గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అని వస్తే క్రేన్ పని ఆగిపోవాలి. ఎత్తిన బరువు గాలికి ఊగడం మొదలైతే, బరువు ఎంతన్నది ఒక్కటే లెక్క కాదు. రేకులు, షట్టరింగ్ పలకలు, వెడల్పాటి సిమెంట్ పలకలు గాలిని తెరచాపలా పట్టుకుంటాయి. ప్రతి క్రేన్‌కూ తయారీదారు ఇచ్చిన లోడ్ చార్టులో గాలి పరిమితి రాసి ఉంటుంది. బూమ్ పొడవు పెరిగేకొద్దీ ఆ పరిమితి తగ్గుతుంది. ఆ చార్టు క్యాబిన్‌లో లేకపోతే క్రేన్‌ను పనికి ఒప్పుకోకండి.

బరువులెత్తే క్రేన్‌తో మనుషులను దించకూడదు, ఎత్తకూడదు. 2022 జూలై చివర్లో కొల్లాపూర్ మండలం రేగుమానుగడ్డ దగ్గర పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పంప్‌హౌస్ పనుల్లో క్రేన్ వైరు తెగి ఐదుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. తడికి, తుప్పుకు వైరు తాడు లోపలి పోగులు ముందు పాడవుతాయి. పైకి బాగానే కనిపిస్తుంది. వానాకాలంలో వైరు తాడు, కొక్కెం, లాక్ రోజూ చూడాలి. పోగులు తెగి ముళ్లలా పైకి లేచినా, ఒకచోట నలిగి చదునైనా ఆ తాడు మార్చాల్సిందే.

టిప్పర్లకూ గాలి, తడి నేల కలిస్తే ముప్పే. తొట్టి పైకెత్తినప్పుడు బండి బరువు ఎత్తుకు చేరుతుంది. ఒక పక్క టైరు మెత్తటి నేలలో దిగబడితే పక్కకు ఒరుగుతుంది. తడిసిన మొరం తొట్టికి అతుక్కుని ఒక పక్కే జారినా అంతే. చదునైన, గట్టి నేల మీదే అన్‌లోడ్ చేయండి. ఆ సమయంలో పక్కన ఎవరూ నిలబడకూడదు.

కరెంటు తీగలు: వానలో రెట్టింపు ప్రమాదం

కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం 11 కేవీ లైన్ రోడ్డును దాటేచోట కనీసం 6.1 మీటర్ల ఎత్తులో, పొలాల్లాంటి ఇతర ప్రదేశాల్లో 4.6 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఎత్తిన టిప్పర్ తొట్టి, బోరు బండి మాస్ట్, హిటాచీ బూమ్, హార్వెస్టర్ నుంచి ధాన్యం పోసే గొట్టం ఆ ఎత్తును సులువుగా అందుకుంటాయి. ఎండకు తీగలు సాగి కిందికి వేలాడతాయి. ఈదురుగాలికి స్తంభాలు ఒరుగుతాయి. నిన్న తగలని తీగ ఇవాళ తగలవచ్చు. వానలో నేల తడిగా ఉంటే షాక్ తీవ్రత మరింత పెరుగుతుంది.

పొలంలోకి దిగేముందు డ్రైవర్, రైతు కలిసి ఒక్కసారి నడిచి చూడండి. తీగలు ఎక్కడున్నాయి, స్టే వైర్లు, బోరు మోటార్ల సర్వీసు వైర్లు ఎక్కడ వేలాడుతున్నాయో గుర్తించండి. తీగ కిందికి వేలాడుతుంటే కర్రతో ఎత్తిపట్టి మిషన్‌ను పంపించే పని ఎప్పుడూ చేయకండి. ఈ రెండు ఉమ్మడి జిల్లాలకు కరెంటు ఇచ్చేది దక్షిణ డిస్కం. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, లైన్ ఆపించాకే ముందుకెళ్లండి.

మిషన్‌కు తీగ తగిలితే:

- డ్రైవర్ సీట్లోనే ఉండాలి. వీలైతే బూమ్ దించి, మిషన్‌ను వెనక్కి తీసి తీగ నుంచి విడిపించాలి.
- బయటివారెవరూ కనీసం 10 మీటర్ల లోపలికి రాకూడదు. కాపాడబోయి మిషన్‌ను ముట్టుకున్నవారే ముందు బలవుతారు.
- 1912, 112కు ఫోన్ చేయాలి. కరెంటు ఆపామని సిబ్బంది చెప్పేదాకా దిగకూడదు.
- మిషన్‌కు మంట అంటుకుంటేనే దిగాలి. అప్పుడు మెట్లు దిగకుండా, రెండు కాళ్లు దగ్గరపెట్టి దూకాలి. మిషన్‌నూ నేలనూ ఒకేసారి తాకకూడదు. తర్వాత కాళ్లు ఎడం చేయకుండా చిన్నచిన్న గెంతులతో దూరం పోవాలి. పెద్ద అంగలు వేస్తే రెండు పాదాల మధ్య నేలలోని కరెంటు ఒంట్లోకి పాకుతుంది.

వాన: నేల మాట వినండి

ఈ ప్రాంతంలో ఎర్ర చెలక, నల్ల రేగడి పక్కపక్కనే ఉంటాయి. రెండూ తడిస్తే ఒకేలా ఉండవు. చెలక త్వరగా ఆరినట్టు కనిపిస్తుంది. కానీ గట్టు అంచు ఇసుకలా జారిపోతుంది. రేగడి నీరు పీల్చి ఉబ్బి, జారుడుగా మారుతుంది. పైన పొక్కు కట్టినా లోపల మెత్తగానే ఉంటుంది. జేసీబీ బరువే సుమారు 7 నుంచి 8 టన్నులు. హిటాచీల్లో ఎక్కువగా వాడేవి 20 టన్నుల తరగతివి. ఆ బరువుకు తడిసిన అంచు నిలవదు.

గట్టుకు ఎంత దూరంలో ఉండాలన్నదానికి సులువైన లెక్క ఒకటుంది. కాల్వ, గుంత, బావి ఎంత లోతో కనీసం అంత దూరంలో మిషన్ చక్రం ఉండాలి. వానలో ఒకటిన్నర రెట్లు ఉంచండి. చుట్టుగోడ లేని పాత వ్యవసాయ బావులు ఈ జిల్లాల్లో చాలా ఉన్నాయి. వాటి ఒడ్డున గడ్డి పెరిగితే అంచు ఎక్కడుందో డ్రైవర్‌కు కనిపించదు. కోతకు ముందే రైతు కర్ర పాతి, ఎర్ర గుడ్డ కట్టాలి. కొత్త ఊరి నుంచి వచ్చిన డ్రైవర్‌కు మీ బావి సంగతి తెలియదు.

కాల్వ గట్ల మీద ట్రాక్టర్ అయితే మరీ జాగ్రత్త. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాల్వలో బోల్తాపడి 9 మంది మరణించారు. అదే ఏడాది జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మూసీ కాల్వలో ట్రాక్టర్ పడి 15 మంది ప్రాణాలు పోయాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది పొలం పనికి వెళ్తున్న మహిళలే. ట్రాలీ బోల్తాపడితే దాని కింద ఉన్నవారికి తప్పించుకునే దారి ఉండదు. అవి వాన వల్ల జరిగినవని కాదు. పొడి గట్టు మీదే అంత నష్టం జరిగితే, తడి గట్టు మీద ఎలా ఉంటుందో ఆలోచించండి. ట్రాలీ సరుకు కోసమే. కూలీలను ఆటోలోనో, నడిచో పంపండి.

గుంతలు, పైపులైన్ కందకాలు తవ్వేటప్పుడు ఇంకో ముప్పు. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైనే తూగుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. ఛాతీ వరకు మట్టి కప్పినా మనిషి ఊపిరి తీసుకోలేడు. 1.5 మీటర్లకు మించి లోతుంటే పక్కలకు ఆధారం కట్టాలి, లేదా గోడలను ఏటవాలుగా కోయాలి. తవ్వి తీసిన మట్టిని అంచుకు కనీసం 1.5 మీటర్ల దూరంలో, లేదా గుంత లోతులో సగం దూరంలో, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. రాత్రి వాన పడితే తెల్లవారి గోడల్లో పగుళ్లు, ఊట చూశాకే మనుషులను దించాలి.

నీటి ఊట పెరగడం భూమి ఇచ్చే హెచ్చరిక. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగంలో, 14వ కిలోమీటరు సమీపంలో పైకప్పు కూలి, నీరు, బురద ముంచెత్తాయి. టన్నెల్ బోరింగ్ మిషన్ దగ్గర ఉన్న 8 మంది చిక్కుకుపోయారు. నెలల తరబడి వెతికినా ఇద్దరి మృతదేహాలే బయటపడ్డాయి. అంత పెద్ద యంత్రం కూడా మట్టి, నీరు కదిలితే నిలవలేదు. మీ ఊరి చెరువు కట్ట, బావి పూడికతీతలోనూ సూత్రం ఇదే. ఊట పెరిగినా, నీటి రంగు మారి మట్టి కలిసి వచ్చినా ముందు మనుషులు బయటికి రావాలి. మిషన్ సంగతి తర్వాత.

బురదలో దిగబడితే

దిగబడిన మిషన్‌ను లాగేటప్పుడు జరిగే ప్రమాదాలు తక్కువేమీ కాదు. ట్రాక్టర్‌తో లాగేటప్పుడు గొలుసును డ్రాబార్‌కే కట్టాలి. అంతకన్నా పైన ఎక్కడ కట్టినా ముందు చక్రాలు లేచి, ఒకటి రెండు సెకన్లలోనే వెనక్కి తిరగబడుతుంది. వెనక చక్రాలకు ముందు కట్టె మొద్దులు కట్టి ఎక్కించే ప్రయత్నం కూడా ఇలాగే తిప్పేస్తుంది. లాగే తాడు పొడవుగా ఉండాలి. తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది కాబట్టి తాడు పొడవునా రెండు పక్కలా ఎవరూ నిలబడొద్దు. వరి మడుల్లో బురద ఎక్కువుంటే టైరు మిషన్ పనికిరాదు, చైన్ మిషనే పిలవండి. కిరాయి ఎక్కువైనా నష్టం తక్కువ.

మిషన్ ఒరుగుతున్నప్పుడు చాలామంది బయటికి దూకుతారు. దూకినవారి మీదే మిషన్ పడుతుంది. సీటు బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని లోపలే ఉంటే క్యాబిన్ చట్రం కాపాడుతుంది. బెల్టు లేకపోతే ఆ చట్రం ఉన్నా లేనట్టే.

వరదలో జేసీబీ దింపవచ్చా?

2024 సెప్టెంబర్ 1న భారీ వర్షాలకు మున్నేరు పొంగి ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మిది మంది చిక్కుకున్నారు. ఓ జేసీబీ డ్రైవర్ వరదలోనే వెళ్లి వారిని తెచ్చాడు. అదే రోజు సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. ఆ డ్రైవర్ సాహసాన్ని రాష్ట్రమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. కానీ దాన్ని అందరూ చేయదగిన పనిగా తీసుకోవద్దు.

జేసీబీ వరద నీటి కోసం తయారైంది కాదు. పారే నీటి లోతు పెరిగేకొద్దీ మిషన్‌ను పక్కకు నెట్టే బలం పెరుగుతుంది, నేల మీద దాని పట్టు తగ్గుతుంది. నీటి కింద రోడ్డు ఉందో, కొట్టుకుపోయిందో కనిపించదు. ఇంజిన్‌లోకి నీరు పోతే నడి వరదలో ఆగిపోతుంది. బకెట్‌లో మనుషులను ఎక్కించుకోవడం మామూలు రోజుల్లోనూ నిషిద్ధమే. లో లెవెల్ వంతెన మీద నీరు పారుతుంటే ఏ వాహనమూ దాటించొద్దు. మనుషులు చిక్కుకుంటే 112కు, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కు చెప్పండి. అధికారులు మిషన్ అడిగితే పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది సమక్షంలో, తాళ్లు, లైఫ్ జాకెట్లతో మాత్రమే దిగండి. దిగను అని చెప్పే హక్కు డ్రైవర్‌కు ఉంది.

మంచు, చీకటి: రోడ్డెక్కాక

డిసెంబర్, జనవరి తెల్లవారుజామున 65వ నంబరు హైవే మీద నార్కట్‌పల్లి వైపు, 44వ నంబరు హైవే మీద జడ్చర్ల వైపు పొగమంచు పడుతుంది. మెల్లగా పోయే హార్వెస్టర్, ట్రాలీ వెనక లైట్లు లేకుండా వెళ్తే వెనక వచ్చే కారుకు చివరి క్షణంలోనే కనిపిస్తాయి. వెనక ఎర్ర, పక్కల పసుపు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అతికించండి. ముందు కోత పరికరం విప్పి ట్రాలీ మీద తీసుకెళ్లండి. రోడ్డు కనిపించనంత మంచుంటే పూర్తిగా రోడ్డు దిగి పార్క్ చేసి, సూర్యుడు వచ్చాక బయలుదేరండి. దమ్ము చక్రాలతో తారు రోడ్డెక్కడం నిషేధం. తడి రోడ్డు మీద అవి జారతాయి కూడా.

‘ఆపండి’ అని ఎవరు చెప్పాలి?

అన్నింటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. చాలా ప్రమాదాల్లో ముప్పు అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. ఆపమని చెబితే కిరాయి ఎవరు భరించాలన్న మొహమాటమే నోరు కట్టేస్తుంది. అందుకే మాట ముందే అనుకోవాలి. మిషన్ పిలిచేటప్పుడే ‘ఉరుము వినిపిస్తే, గాలి లేస్తే ఆపుతాం. ఆగిన సమయానికి కిరాయి ఉండదు. డ్రైవర్ బత్తా మాత్రం ఇస్తాం’ అని తేల్చుకోండి. కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. డ్రైవర్‌కు రోజు జీతం మిషన్ నడిచిన గంటలతో ముడిపెట్టకపోతే అతను భయం లేకుండా ఆపగలడు.

ప్రమాదం జరిగితే అందే సాయం

- రోడ్డు మీద మోటారు వాహన ప్రమాదమైతే: 2025 మేలో నోటిఫై అయిన కేంద్ర నగదు రహిత చికిత్స పథకం కింద ఏడు రోజుల వరకు గరిష్ఠంగా రూ.1.5 లక్షల చికిత్స అందుతుంది. 112కు ఫోన్ చేసి ప్రమాదం నమోదు చేయించండి.
- మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, తప్పెవరిదో నిరూపించకుండానే మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షల పరిహారం కోరవచ్చు. వాహనానికి చెల్లుబాటయ్యే బీమా, డ్రైవర్‌కు తగిన లైసెన్స్ లేకపోతే చిక్కులొస్తాయి. ట్రాలీలో కూలీలు ఎక్కినప్పుడు బీమా సంస్థలు అభ్యంతరం చెబుతుంటాయి.
- పని చేస్తుండగా డ్రైవరో, హెల్పరో చనిపోతే, అంగవైకల్యం కలిగితే యజమాని పరిహారం ఇవ్వాలి. 1923 నాటి చట్టంలో ఉన్న ఈ హక్కు 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చింది. కార్మిక శాఖ కార్యాలయంలో సంప్రదించండి. జీతం ఇచ్చినట్టు ఫోన్ పే వివరాలు, హాజరు పుస్తకం దాచుకోండి.
- నిర్మాణ పనుల్లో ఉన్న డ్రైవర్లు, కూలీలు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవాలి. వయసు 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు పని చేసినవారు అర్హులు. ప్రమాదం జరిగాక నమోదు కుదరదు.
- పట్టా భూమి ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో మరణించినా రైతు బీమా కింద కుటుంబానికి రూ.5 లక్షలు వస్తాయి. వ్యవసాయ విస్తరణ అధికారి ద్వారా దరఖాస్తు చేయాలి.
- వడదెబ్బ మరణాలను తెలంగాణ ప్రభుత్వం 2025లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, సాయాన్ని రూ.4 లక్షలకు పెంచింది. మరణ కారణం వడదెబ్బేనని అధికారికంగా నిర్ధారణ కావాలి. అందుకే పోస్టుమార్టం చేయించడం తప్పనిసరి. తహసీల్దార్‌కు వెంటనే తెలపండి.

రోజూ మిషన్ ఎక్కేముందు ఐదు ప్రశ్నలు

1. ఇవాళ జిల్లాకు ఏ రంగు హెచ్చరిక ఉంది? ఫోన్ ఎవరు చూస్తున్నారు?
2. తీగలు, బావులు, గట్లు నడిచి చూశామా?
3. ఉరుము వస్తే ఎక్కడికి వెళ్లాలి? దగ్గరలో పక్కా ఇల్లు ఏది?
4. తాగునీరు, ఓఆర్ఎస్, అగ్నిమాపక సిలిండర్, సీటు బెల్టు ఉన్నాయా?
5. ఆపమంటే ఆపుతామని అందరం ఒప్పుకున్నామా?

ఐదింటిలో ఒక్కదానికి ‘లేదు’ అన్న జవాబు వచ్చినా తాళం చెవి తిప్పకండి. వాన తగ్గాక మిగిలిన ఎకరం రేపు కోసుకోవచ్చు. తడిసిన ధాన్యం ఆరబెట్టుకోవచ్చు.